కొనేవాళ్లు ఉన్నా పాత ఫ్యాక్టరీ స్థలాలకు ప్రజాధనం ఎందుకు?

నగరం నడిబొడ్డున స్థలమంటే కొనడానికి ఎగబడతారు కదా, మూతపడిన ఫ్యాక్టరీ స్థలాల పునరభివృద్ధికి ప్రభుత్వం డబ్బు పెట్టడమంటే బిల్డర్లకు ధారాదత్తం చేయడం కాదా అని అడిగారు. ఇలాంటి ప్రాజెక్టులకు ఆర్థిక లెక్కలు వేసే పని చాలాకాలం చేశాను. ఆ వైపు నుంచి చెబుతాను.

మా లెక్క నిజానికి ఒక తీసివేత. కట్టబోయే భవనాలు అమ్మితే వచ్చే సొమ్ములోంచి నిర్మాణ ఖర్చు, వడ్డీ, బిల్డరు లాభం తీసేస్తే మిగిలేదే స్థలం విలువ. రసాయనాల కర్మాగారమో తోళ్ల పరిశ్రమో నడిచిన చోట మాత్రం మట్టి పరీక్షల నివేదిక వచ్చేదాకా ఏమీ తేలదు. బోరు వేసి తీసిన మట్టిని లోతు ప్రకారం పెట్టెలో పేర్చి చూపిస్తారు. పైవరసలు మామూలుగానే ఉంటాయి, కిందికి వెళ్లేకొద్దీ నల్లబడి, జిడ్డుగా, ముక్కు మూసుకోవాల్సిన వాసన. సీసం, క్రోమియం ఎంతున్నాయో చూసి, ఆ మట్టిని తవ్వి సురక్షితంగా తరలించే ఖర్చు కూడా కలిపితే ఆఖరి గడిలో అంకె మైనస్‌లోకి పోతుంది. ఉచితంగా ఇస్తామన్నా తీసుకునే నాథుడుండడు. ప్రజాధనం పూడ్చాల్సింది ఆ లోటునే. మైనస్ లేని స్థలానికి కూడా రాయితీ అడిగితే మీ అనుమానం న్యాయమే.

డబ్బు కంటే ముందు తేలాల్సింది బాధ్యత. అమెరికాలో 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం కాలుష్యానికి కారకులతో పాటు ఆ స్థలం ప్రస్తుత యజమానిని కూడా బాధ్యుణ్ణి చేసింది. ఉద్దేశం మంచిదే కానీ, కొనేవాళ్లూ అప్పిచ్చేవాళ్లూ అలాంటి స్థలాల ఛాయలకే రాలేదు. తగిన విచారణ చేసుకుని, షరతులు పాటిస్తూ కొన్నవారికి 2002లో రక్షణ కల్పించారు. శుద్ధికి గ్రాంట్లూ అదే చట్టంలో పెట్టారు. నా దృష్టిలో ఆ రక్షణే పెద్ద రాయితీ. నేను కూర్చున్న సమావేశాల్లో బ్యాంకువాళ్లు గ్రాంటు సంగతి తర్వాత అడిగేవారు. రేపు నోటీసు ఎవరి పేరున వస్తుందన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

ఇక నిధులు తెచ్చే పద్ధతుల్లో బాగా పేరుపడ్డది కాలిఫోర్నియా 1952లో మొదలుపెట్టినది. పునరభివృద్ధి చేసే ప్రాంతంలో ఆస్తిపన్ను రాబడిని ప్రాజెక్టు మొదలైన నాటి స్థాయిలో నిలిపి, ఆపైన పెరిగిన మొత్తంతో పునరభివృద్ధికి తెచ్చిన అప్పు తీరుస్తారు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కానీ ప్రాజెక్టు లేకపోయినా సహజంగా పెరిగే పన్ను కూడా అందులోకే పోతుంది. బడులకు, ఇతర సేవలకు చేరాల్సిన వాటా తగ్గుతుంది. రాష్ట్ర ఖజానా కష్టాల్లో పడ్డాక కాలిఫోర్నియా 2012లో ఈ పద్ధతిని నడిపిన పునరభివృద్ధి సంస్థలనే రద్దు చేసింది. ఇలాంటి ప్రతిపాదన నా బల్ల మీదికి వస్తే, ప్రాజెక్టు లేకుంటే పన్ను ఎంత పెరిగేదన్న వరుస కోసం ముందు వెతికేవాణ్ణి. చాలావాటిలో ఆ వరుసే ఉండేది కాదు.

బలవంతపు భూసేకరణ మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. అమెరికాలోని న్యూలండన్ నగరం పునరభివృద్ధి కోసం ఇళ్లను సేకరించిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2005లో 5-4 తేడాతో సేకరణను సమర్థించింది. ఇళ్లు ఖాళీ చేయించారు. బిల్డరుకు పెట్టుబడి దొరకక ఆ స్థలం ఏళ్లతరబడి బీడుగానే ఉండిపోయింది. జపాన్‌లో విస్తృతంగా వాడిన భూసమీకరణ ఇంతకంటే మెరుగు. యజమానులు తలా కొంత భూమి వదులుకుంటారు, రోడ్లు పోగా మిగిలిన కొంత అమ్మి ఖర్చులు రాబడతారు. కాకపోతే అద్దెకున్నవాళ్ల సంగతి విడిగా రాసుకోకపోతే వాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు.

మీ ప్రాంతంలో ఇలాంటి ప్రాజెక్టు వస్తే ఒప్పందంలో రెండు షరతులు వెతకండి: గ్రాంటు పని పూర్తయిన కొద్దీ విడతలుగా ఇస్తున్నారా, అంచనాకు మించి లాభం వస్తే ప్రభుత్వానికి వాటా ఉందా అన్నవి. ఇవి టెండరు పిలవకముందే ఉండాలి. సంతకాలయ్యాక చేర్చమంటే ఏ బిల్డరూ ఒప్పుకోడు.