కటుత్వం లేని బీరు

ప్రశ్న: ఒక లాగర్ బీరు సీసా మీద ‘మృదువైన, కటుత్వం లేని ప్రీమియం రుచి’ అని ఉంది. కటువంటే చేదా, కారమా? తాగి చూస్తే చేదు అంతగా తగల్లేదు గానీ నాలుక బిరుసెక్కినట్టయింది. ఆ రుచిని ఏమనాలి? ఒగరు అనాలా, వగరు అనాలా?

జవాబు: సీసా మీద రాసినవారు అబద్ధమేమీ ఆడలేదు. కటువంటే కారం. మామూలు లాగర్లో కారం ఎటూ ఉండదు.

షడ్రసాల్లో కటువు కారం, తిక్తం చేదు, కషాయం వగరు. సాక్ష్యానికి త్రికటుకం చాలు: శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. మూడూ ఘాటుకు పేరుపడ్డవే గాని చేదుకు కాదు. మరి కటువు చేదెప్పుడయింది? హిందీ దారిన వెళ్ళి వచ్చినప్పుడు. సంస్కృత కటుకం అరిగి అరిగి హిందీలో ‘కడ్వా’ అయ్యేసరికి కారాన్ని వదిలి చేదును పట్టుకుంది. కారానికి అక్కడ తీక్ష్ణం నుంచి పుట్టిన ‘తీఖా’ కుదురుకుంది. బెంగాలీవారు తిక్తాన్నే ‘తేతో’ చేసుకుని చేదుకే అట్టిపెట్టుకున్నారు. మనవాళ్ళు హిందీ ‘కటు సత్య’కు చివర సున్నా తగిలించి ‘కటు సత్యం’ అని రాయడం మొదలుపెట్టారు. ఆ సున్నా పెట్టినంత మాత్రాన అది తెలుగయిపోదు. చేదు నిజం అంటే ఏం తక్కువైంది? తమిళ ‘కైప్పు’, కన్నడ ‘కహి’, మన ‘చేదు’ ఒకే ఇంటి పిల్లలు. కన్నడ కెఱె మనకు చెఱువైనట్టు, కెడు చెడైనట్టు, ఇ, ఎ లాంటి తాలవ్యాచ్చుకు ముందున్న కకారం తెలుగులో చకారమైంది. ఇంత పాత సొంత మాట ఉండగా అరువెందుకో! (బావిలో నీళ్ళు చేదడం వేరే మాట.) కటువుకు ‘పరుషం’ అనే అర్థం సంస్కృతంలోనే ఉంది కాబట్టి కటువుగా మాట్లాడాడు అంటే తప్పులేదు. రుచి దగ్గరే పేచీ.

చిత్రమేమిటంటే, బీరులో కటువనదగినది ఒకటుంది. అది గ్యాసు చురుకు. కార్బన్ డయాక్సైడ్ నాలుకను పొడిచే పోటును, మిరప మంటను మెదడుకు చేర్చేది ప్రధానంగా ట్రైజెమినల్ అనే నాడి. తీపిని, చేదును మోసే నాడులు వేరు. ఆ లెక్కన కటుత్వం లేని బీరంటే గ్యాసు పోయిన బీరు. దాన్ని ఎవరూ కొనరు.

ఇక మీ నాలుక సంగతి. చేదు హాప్స్ పూల నుంచి వస్తుంది. మింగేటప్పుడు మొదలై, మింగాక కూడా నాలుక వెనక నిలుస్తుంది. వగరు మాత్రం, రుచి కంటే స్పర్శకు దగ్గర. బార్లీ పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లతో ముడిపడటంతో నోటిలో జారుడు పోతుంది. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గుజ్జును కడిగే నీరు 77 డిగ్రీల సెల్సియస్ దాటినా, కడుగు నీటి పీహెచ్ 6కు పైకి పోయినా పొట్టులోంచి టానిన్లు ఎక్కువగా దిగుతాయి. తేడా తెలియాలంటే, సబ్బు వాసన లేని గాజు గ్లాసులో బీరు పోసి 7 డిగ్రీల దాకా రానివ్వండి. మంచుగడ్డలా ఉంటే నాలుక మొద్దుబారి అన్ని బీర్లూ ఒకలాగే ఉంటాయి. ఒక గుక్క పుక్కిట పట్టి మింగి, నాలుకను అంగిట్లో రాయండి. గరగరలాడితే వగరు. నున్నగా జారుతూ రుచి మాత్రం వెంటాడితే చేదు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అది వగరే అనుకుంటాను. గ్యాసు చురుకును కూడా కొందరు బిరుసుగా పొరబడతారు కాబట్టి గ్లాసు కాసేపు తిప్పి, గ్యాసు తగ్గాక మరోసారి చూడండి.

‘మృదువైన’ అన్నది స్మూత్‌కు పెట్టిన ముసుగు. బియ్యమో మొక్కజొన్నో కలిపి మాల్టు వంతు తగ్గించి, హాప్స్ పిసినారిగా వేస్తే వచ్చేదానికి తెలుగులో నిక్షేపం లాంటి పేరుంది: చప్పన. కన్నడంలో సప్పె. చప్పదనం లాగర్‌కు నేరమేమీ కాదు. ఎండలో దాహానికి అదే కోరేవారుంటారు. దాన్ని గొప్పగా చాటడం దగ్గరే నాకు ఎబ్బెట్టు. బీరు పోటీల న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ పట్టిక 2008లో ‘స్టాండర్డ్ అమెరికన్ లాగర్’కు చేదు 8 నుంచి 15 యూనిట్లు, ‘ప్రీమియం’కు 15 నుంచి 25 అని గీత గీసింది. యూనిట్ అంటే ఉరమరగా లీటరు బీరుకు ఒక మిల్లీగ్రాము హాప్స్ చేదు పదార్థం. అంటే ప్రీమియమన్నది కాస్త ఎక్కువ చేదుండాలి! 2015 పట్టికలో ఆ ప్రీమియం లాగర్ పేరే తీసేశారు. తెలుగువారికి ప్రీమియం అంటే బీమాకు కట్టే సొమ్మనే తెలుసు. సీసా మీది ప్రీమియానికి మన ‘బీరాలు’ సరిపోతుంది. వీర శబ్దం నుంచి వచ్చిన ఆ మాటకు బీరుతో చుట్టరికం లేదు, పోలిక మాత్రం కుదిరింది.

కటుత్వాన్ని చేదుగా వాడేవారు రోజురోజుకీ పెరుగుతున్నారు. రేపు నిఘంటువులు ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. నేనైతే రాయను, రాసినవారిని పూర్తిగా తప్పుపట్టనూ లేను.

ఒగరు, వగరు రెండూ సాధువులే. కన్నడంలో ఒగరు అనే అంటారు. రొప్పడమనే అర్థంలోని వగర్చడానికీ దీనికీ సంబంధం లేదు.