వాఫిల్ పలకకు ఎందుకు అంటుకుంటుంది?

ప్రశ్న: నాన్‌స్టిక్ అని రాసి ఉన్న ఎలక్ట్రిక్ వాఫిల్ మేకర్ (రెండు గళ్ల పలకల మధ్య పిండి పోసి కాల్చే యంత్రం) కొన్నాము. నూనె స్ప్రే ఎంత కొట్టినా, మూత తెరవగానే వాఫిల్ రెండు పొరలుగా చీలి, సగం పైపలకకూ సగం కిందిపలకకూ అంటుకుపోతోంది. కప్పు మైదాకు ఒక గుడ్డు, పాలు, నాలుగు పెద్ద చెంచాల పంచదార, ఒక చెంచా వెన్న వేస్తున్నాను. లోపం పిండిదా, యంత్రానిదా? గుడ్డు లేకుండా, రాగిపిండితో చేయవచ్చునా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వాఫిల్ రెండు పొరలుగా చీలుతోందంటే, లోపలి పిండి గట్టిపడకముందే మీరు మూత తెరుస్తున్నారని అర్థం. పిండిలోని తడి ఆవిరై అంచుల నుంచి బయటికి వస్తున్నంతసేపూ లోపలి భాగం మెత్తగానే ఉంటుంది. ఆవిరి దాదాపు ఆగిపోయి, పైభాగం ఎర్రగా, కరకరలాడేలా కాలినప్పుడే వాఫిల్ పలకను తేలికగా వదులుతుంది. యంత్రం మీది దీపాన్ని పూర్తిగా నమ్మవద్దు. చాలా యంత్రాలలో అది పలక వేడిని మాత్రమే తెలుపుతుంది గానీ, పిండి ఉడికిందో లేదో చెప్పలేదు. మూత ఎత్తబోతే పట్టి ఉన్నట్టు అనిపించినప్పుడు బలవంతం చేయక మరొక నిమిషం ఆగండి. అలాగే మొదటి వాయకు ముందు, దీపం వెలిగిన తరువాత కూడా అయిదు నిమిషాలు పలకలను కాలనివ్వండి.

ఇక పిండిలోని పాళ్ల సంగతి. కప్పు మైదాకు నాలుగు చెంచాల పంచదార చాలా ఎక్కువ. అది వేడికి కరిగి పాకమై పలకను పట్టుకుంటుంది. తీపి కావాలంటే పైన తేనె గానీ, బెల్లం పాకం గానీ పోసుకోవడమే మేలు. కొవ్వు విషయంలో మీరు చేస్తున్నది దీనికి తారుమారు. దోసెల పెనానికి అలవాటుపడిన మనం పైన నూనె రాస్తే చాలుననుకుంటాము. వాఫిల్‌కు మాత్రం కొవ్వు పిండిలోనే ఉండాలి, ఎందుకంటే గళ్ల పలకలో ప్రతి మూలకూ నూనె చేర్చడం చేతితో అయ్యే పని కాదు. వెన్నలోని పాలపదార్థం త్వరగా మాడుతుంది కనుక కరిగించిన నెయ్యి మంచిది, అది మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది.

125 గ్రాముల మైదా, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా పంచదార కలిపి, అందులో ఒక గుడ్డు, 180 మిల్లీలీటర్ల పాలు, 60 మిల్లీలీటర్ల నెయ్యి పోసి, చిన్న చిన్న ఉండలున్నా సరే, పొడి కనిపించకుండా పోగానే కలపడం ఆపండి. ఎక్కువసేపు గిలకొడితే వాఫిల్ సాగుతుంది. పది నిమిషాలు నాననిచ్చి వాడండి.

స్ప్రేను పూర్తిగా మానేయండి. అలాంటి స్ప్రేలు చాలావాటిలో లెసిథిన్ అనే జిడ్డు పదార్థం ఉంటుంది. అది నాన్‌స్టిక్ పూత మీద వాయ వాయకూ మాడి జిగురు పొరగా పేరుకుంటుంది, అంటే అంటుకోకుండా ఉండాలని కొట్టినదే అంటుకోవడానికి కారణమవుతుంది. ఇప్పటికే పేరుకున్న పొరను, ప్లగ్ తీసి, పలకలు గోరువెచ్చగా ఉండగా, సబ్బునీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో తుడవండి. ఇనుప పీచు తగలనివ్వవద్దు, యంత్రాన్ని నీటిలో ముంచనే వద్దు. పూత లేచిపోయి ఉంటే ఏ పిండీ దానిని కాపాడలేదు. అప్పుడు మాత్రం లోపం యంత్రానిదే.

గుడ్డు లేకుండా చేయవచ్చు. అయితే వేడికి గట్టిపడి వాఫిల్‌ను నిలబెట్టేది ఆ గుడ్డే కనుక, దాని బదులు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీటిలో నానబెట్టి కలిపి, మామూలుకన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ కాల్చండి. మైదాను సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే మాంసకృత్తు రాగిపిండిలో ఉండదు, అందువల్ల వాఫిల్ తీసేటప్పుడు విరుగుతుంది. మైదాలో నాలుగో వంతుకు మించి మార్చవద్దు. తీసిన వాఫిళ్లను ఒకదానిపై ఒకటి పేర్చితే ఆవిరికి మెత్తబడతాయి, కాబట్టి తీగల స్టాండు మీద విడివిడిగా ఉంచండి.