హవాయిలోని బిగ్ ఐలండ్ దీవిలో ఇల్లు వెతుకుతున్నారా? గాలి సంగతి కూడా కనుక్కోండి

హవాయిలో ఉద్యోగం వచ్చిందనగానే మనవాళ్లు నన్ను అడిగేవి రెండే. ఇండియన్ స్టోర్ ఉందా? లావా మన ఇంటి మీదకి వస్తుందా? లావా ఎటు పారుతోందో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, దాని గురించి టీవీలో కూడా చెప్తారు. ఆస్తమా ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు అడగాల్సింది వాగ్, అంటే అగ్నిపర్వతపు మసక గురించి.

ఈ దీవిలోని కిలౌయా అగ్నిపర్వతం నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. దానికి ఎండ, తేమ తగిలితే సన్నటి సల్ఫేట్ కణాలుగా మారి మసకలా కమ్ముకుంటుంది. ఇక్కడివాళ్లు దాన్నే వాగ్ అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్య గాలులే వీస్తాయి కాబట్టి ఆ పొగ దీవి దక్షిణపు అంచు చుట్టూ తిరిగి పడమటి తీరంలో ఉన్న కోనా వైపు చేరుతుంది. అక్కడ మౌనా లోవా అనే పెద్ద పర్వతం అడ్డం. పగలు సముద్రపు గాలి ఆ పొగని మళ్లీ ఊరి మీదకే తోస్తుంది. కొండకి అంత దూరంలో, చక్కటి బీచ్‌లున్న కోనాలో మసక ఏమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోయేది ఇందుకే. ఈశాన్య గాలి ఆగి దక్షిణం నుంచి వీస్తే తూర్పు తీరంలోని హీలోకి, ఒక్కోసారి 300 కిలోమీటర్లకు పైగా అవతల వేరే దీవిలో ఉన్న హోనలూలూకి కూడా వాగ్ తప్పదు. చలికాలంలో ఇది ఎక్కువ.

హీలోలో వాన విసిగిస్తుంది, బట్టలు ఆరవు. అయినా ఆస్తమా పిల్లలుంటే నా ఓటు దానికే. ఎక్కడైనా సరే, కొన్నాళ్లు అద్దెకుండి చూశాకే కొనండి.

ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) ఆకుపచ్చగా ఉందని ధైర్యపడకండి. ఇళ్ల దగ్గర పెట్టుకునే చిన్న సెన్సర్లు చాలావరకు పీఎం 2.5 అనే సన్నటి కణాలనే కొలుస్తాయి, సల్ఫర్ డయాక్సైడ్ వాయువుని కాదు. కొండకి దగ్గరలో అసలు ఇబ్బంది వాయువుతోనే, దూరం వెళ్లేకొద్దీ కణాలతో. హవాయి ఆరోగ్య శాఖ ఈ రెండిటి లెక్కలూ విడివిడిగా ఇస్తుంది, అవి చూడండి. దీపావళి టపాసుల వాసనలా ముక్కు మండిందంటే లెక్కల కోసం ఆగకుండా లోపలికి వచ్చి తలుపులు వేసుకోండి. ఎన్95 మాస్కు, హెపా ఫిల్టర్ కణాలకి పనికొస్తాయి, వాయువుని ఆపలేవు. ఇన్‌హేలర్ మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి.

ఈ దీవిలోనే పునా, కావూ ప్రాంతాల వైపు అద్దె తక్కువని వెళ్తే అక్కడ చాలా ఇళ్లలో వాననీళ్ల ట్యాంకులే. వాగ్ వల్ల వాన ఆమ్లమై పాత పైకప్పుల్లోని, పైపుల్లోని సీసం (లెడ్) లోహాన్ని కరిగించుకుని నీళ్లలోకి తెస్తుంది. అందుకే టెస్ట్ చేయించకుండా ఆ నీళ్లు తాగొద్దు, వంటకీ వాడొద్దు. కౌంటీ వాళ్ల పబ్లిక్ కుళాయిల దగ్గర క్యాన్‌లు నింపుకోవచ్చు.

2024 డిసెంబర్ 23న కిలౌయాలో మొదలైన విస్ఫోటనంలో లావా ఒక్కసారిగా కాక విడతలుగా ఎగసింది. మధ్య విరామాల్లో వాయువు బాగా తగ్గుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లావా చూపించాలని మీకూ సరదాగానే ఉంటుంది. గుండె జబ్బో, ఆయాసమో ఉన్నవాళ్లయితే మాత్రం అలాంటి విరామంలోనే అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్కుకి తీసుకెళ్లండి.