ఎక్కే బండిని కోయించకురా

ఒరేయ్ శీనూ,

ఆ కస్టమ్ షాపువాడు కోసి తయారుచేసిన చాపర్ బండి ఫొటోలు నువ్వు పంపినవి చూశాను. ఒకటికి నాలుగుసార్లు చూశాను. "మళ్లీ మొదలైందా బండ్ల పిచ్చి" అని మీ అత్త గొణిగింది కూడా. బండి బాగుందిరా. బాగాలేదంటే నలభై ఏళ్లు బెజవాడ ఆటోనగర్‌లో స్పానర్ పట్టిన చేతికి ద్రోహం చేసినట్టే. ఆ ట్యాంకు మీద ఎరుపు లోపల్నుంచి వెలుగుతున్నట్టుంది కదా? అది ఒక్క పూతతో వచ్చేది కాదు. కింద వెండి రంగు కొట్టి, దానిమీద అద్దంలాంటి పలచటి ఎరుపు పొరలుపొరలుగా కొడతారు. ఒకచోట పొర మందమైందా, అక్కడ మచ్చ. మళ్లీ గీకి మొదట్నుంచీ రావాల్సిందే. ఆ పనికి వాళ్లడిగే డబ్బు ఎక్కువని నేననను.

నా బాధ వేరే. రోజూ ఆఫీసుకెళ్లే నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350నే అలా కోయిస్తానంటున్నావు చూడు, అదీ.

చాపర్ అంటేనే నరికిందని. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్లకొచ్చిన అమెరికా సిపాయిలు బరువు తగ్గిద్దామని హార్లీల మడ్‌గార్డులు కోసేశారు, అక్కర్లేదనుకున్నవి పీకేశారు. మొదట పరిగెత్తడానికే కోశారు. పోనుపోనూ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సాగింది, క్రోమ్ పెరిగింది, చివరికి చూడ్డానికే బళ్లు తయారయ్యాయి. ఇవాళ్టికీ ఆ అందమంతా తీసేయడంలోనే ఉంది. నీ ఫొటోలో బండికి ఏమేం లేవో చూడు. ముందు మడ్‌గార్డు లేదు, అద్దాలు లేవు, ఇండికేటర్లు లేవు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లేదు, వెనక షాక్‌అబ్జార్బర్లు లేవు, శారీ గార్డు లేదు.

ఆ శారీ గార్డు కథ మీ అమ్మకి తెలుసు, నీకు చెప్పి ఉండదు. మా పెళ్లైన కొత్తలో నాకో బుల్లెట్ ఉండేది. కుడివైపు గేరు, ఎడమవైపు చైను. చైను తిరిగే వెనక పళ్లచక్రానికి, అదే స్ప్రాకెట్‌కి, నికెల్ పూత వేయించాను. వేయించాక జనానికి కనపడొద్దూ! చైను కవరూ శారీ గార్డూ రెండూ పీకి అటక మీద పడేశాను. ఓ సాయంత్రం మీ అత్తని మంగళగిరి గుడికి తీసుకెళ్తున్నా. బ్యారేజీ దాటి సీతానగరం దగ్గరికొచ్చేసరికి ఎవరో వెనక్కి పట్టి గుంజినట్టు బండి ఆగిపోయింది. చూస్తే మీ అత్త పక్కకి ఒరిగిపోయి నా చొక్కా పట్టుకుని వేలాడుతోంది. కొంగు చైన్లోకి పోయి స్ప్రాకెట్ చుట్టూ రెండు చుట్లు బిగుసుకుంది. భుజం మీద పిన్నీసు ఊడబట్టి బతికింది. అప్పటికి వేగం పాతిక కూడా లేదు. టూల్ బాక్సులో హ్యాక్సా బ్లేడు ఉంటే దాంతో చీర కోశాను. ఆ ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది, పళ్లు దిగిన చోటల్లా గ్రీజు అంచుతో వరసగా చిల్లులు. నేను గొంతు పెంచినప్పుడల్లా మీ అత్త ఆ బీరువా వంక చూస్తుంది.

వెనక కూర్చున్నవాళ్ల బట్టలు పడకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. అది చదవకముందే నాకు తెలిసొచ్చింది.

ఇక ఆ పొడుగు ఫోర్కు. హ్యాండిల్ తిరిగే కాండాన్ని గీతలా నేలదాకా పొడిగించావనుకో. ఆ గీత నేలను తాకే చోటుకి కాస్త వెనగ్గా టైరు ఆనుతుంది. ఆ కాస్త దూరం వల్లే బండి తిన్నగా పోతుంది. మామూలు బళ్లకి నిలువు నుంచి కాండం వాలు 25 డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది. చాపర్లకి 40 దాటించినవాళ్లున్నారు. అప్పుడు ఆ దూరమూ పెరుగుతుంది. ఖాళీ హైవే మీద మహారాజులా పోతుంది, కాదన్ను. అదే నెమ్మదిగా వెళ్తూ హ్యాండిల్ తిప్పావో, చక్రం ఓ పక్కకి దబ్బున పడిపోతుంది. నీ బండి 195 కిలోలు. అమీర్‌పేట సందుల్లో దిగి తోసుకుంటావా? పైగా ఆ వాలు మార్చాలంటే ఫ్రేము మెడ దగ్గర కోయాలి. ఛాసిస్ నంబరు కొట్టి ఉండేది సరిగ్గా అక్కడే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఇన్సూరెన్సు వాడు ఈ మార్పులే సాకుగా చూపించి చేతులెత్తేయొచ్చు.

అలాగని ఆ బళ్లని అసహ్యించుకోకు. ఇండియా బైక్ వీక్ అని బండ్ల జాతర జరుగుతుంది, దానికి వెళ్లు, తనివితీరా చూడు. చూడ్డం కూడా ఒక పనే. మోకాళ్ల మీద కూర్చుని వెల్డింగులు చూడు, వైర్లు ఎక్కడ దాచారో వెతుకు. తర్వాత టైరు చూడు. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి చూశావా? చాలా షో బళ్లకి అవి కూడా అరిగి ఉండవు. లారీలో వచ్చి లారీలో పోతాయి మరి. మీ ఊళ్లోనే బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది, బూటు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు ఆకారంలో కారు. అవి నడుస్తాయి కూడా. వాటిలో ఆఫీసుకెళ్దామని నీకెప్పుడైనా అనిపించిందా?

దాచుకున్న డబ్బులో కొంచెం నీ బండికే పెట్టు. మంచి టైర్లు వేయించు, బ్రేక్ ప్యాడ్లు మార్పించు, నీ నడుముకి తగ్గట్టు సీటు కుట్టించు. విప్పితే మళ్లీ పెట్టుకోగలిగినవే చేయించు. విప్పిన ప్రతి నట్టూ నూనె రాసి గోనెసంచిలో దాచు. అమ్మేరోజు ఆ సంచి విలువ తెలుస్తుంది. సైలెన్సర్ జోలికి మాత్రం పోకు. నీకు వినసొంపుగా ఉన్నది పక్కింట్లో పసిపిల్లని నిద్ర లేపుతుంది.

ఆ ఎరుపు మీద మనసు చావకపోతే, నా షెడ్డులో అడుగు చిల్లు పడిన పాత బుల్లెట్ ట్యాంకు ఉంది. పట్టుకెళ్లి నీ ఇష్టమొచ్చినన్ని పొరలు కొట్టించి హాల్లో గోడకి తగిలించుకో. దానికి ఆర్సీ అక్కర్లేదు.

సంక్రాంతికి బండి మీదే రా. హైదరాబాదు నుంచి 270 కిలోమీటర్లు, నీ 13 లీటర్ల ట్యాంకు నింపుకుంటే దారిలో బంకు చూడక్కర్లేదు. సూర్యాపేటలో దిగి నడుం చాపుకో. బయల్దేరే ముందు చైనుకి నూనె పెట్టు. ఆ కస్టమ్ షాపువాడికి అడ్వాన్సు గాని ఇచ్చేశావా? ఇచ్చుంటే సిగ్గుపడకుండా ఈ రాత్రికే ఫోన్ చెయ్, నేను మాట్లాడతాను.

మీ మామయ్య