సికొఫంటుకూ సైకోకూ చుట్టరికం ఉందా?

సందేహం: ఒక వ్యాసంలో “పదవిలో ఉన్నవారి చుట్టూ చివరికి సైకోఫాంట్లే మిగులుతారు” అని చదివాను. సైకోఫాంట్ అంటే ఒక రకం సైకోనా? తెలుగులో ఏమనాలి? భట్రాజు అనవచ్చా?

సమాధానం: సైకోకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. సైకోలో ఉన్నది ప్రాణం, ఆత్మ అనే అర్థంగల గ్రీకు మాట ‘ప్సూఖే’. దీనిలో ఉన్నది ‘సూకోన్’, అంటే అంజూరపు పండు. ఇంగ్లిష్‌లో ఎక్కువమంది మొదటి అక్షరాన్ని ‘సి’ అనే పలుకుతారు. పత్రికలు సికొఫంట్ అని రాసి ఉంటే మీకీ అనుమానమే వచ్చేది కాదు.

పదవో డబ్బో ఉన్నవారిని తన పని గడుపుకోవడం కోసం సిగ్గు విడిచి పొగిడేవాడు సికొఫంట్. పొగిడే ప్రతివాడూ సికొఫంట్ కాడు. “ఈ చీర మీకోసమే నేసినట్టుందమ్మా” అని కొట్టువాడంటే అది ఉత్త ముఖస్తుతి. పైఅధికారి ఏ మాటన్నా అందరికంటే ముందు తలూపి, మర్నాడు తన బదిలీ కాగితం ఆయన ముందు పెట్టేవాడికి ఈ మాట సరిగ్గా అతుకుతుంది.

అయితే పుట్టినచోట ఈ మాటకు పొగడ్తతో సంబంధమే లేదు. గ్రీకులో పొగిడేవాణ్ణి ‘కొలాక్స్’ అనేవారు. ‘సూకోఫాంతేస్’ అంటే అంజూరాన్ని చూపించేవాడని మాటకు మాట అర్థం, తప్పుడు ఫిర్యాదులు చేసేవాడని వాడుక. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్‌లో నేరాలపై దావా వేయడానికి ప్రభుత్వ న్యాయవాది ఉండేవాడు కాదు. పౌరుల్లో ఎవరైనా వేయవచ్చు. కొన్ని రకాల కేసుల్లో గెలిస్తే జరిమానాలో సగం ఫిర్యాదుదారుకే దక్కేది. దాంతో కొందరికి అదే బతుకుతెరువైంది. దావా వేస్తామని బెదిరించి డబ్బు గుంజేవారూ తయారయ్యారు. వీళ్లను అదుపు చేయడానికే, తీర్పరుల ఓట్లలో ఐదో వంతైనా రాకపోతే ఫిర్యాదు చేసినవాడు వెయ్యి ద్రాక్మాలు (నాటి వెండి నాణేలు) కట్టాలని నియమం పెట్టారు. క్రీ.పూ. 425లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకంలో ఇలాంటివాణ్ణొకణ్ణి మట్టిపాత్రలా మూటగట్టి పొరుగు దేశానికి అమ్మేస్తారు. జనానికి వాళ్లంటే ఎంత మంటో చూడండి.

మధ్యలో ఈ అంజూరం ఎందుకు? ఏథెన్స్ నుంచి అంజూరాలు బయటికి పంపడం నిషేధమనీ, పంపినవారిని పట్టిచ్చేవాడికి ఈ పేరు వచ్చిందనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆయన, ఆ నిషేధం పెట్టాడని చెప్పే ఏథెన్స్ చట్టకర్త సోలోన్‌కు దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాతివాడు. పేరును చూసి అల్లుకున్న కథగానే నాకు తోస్తుంది.

ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చినప్పుడు కూడా మొదట చాడీకోరు అనే అర్థమే ఉంది. పెద్దల చెవిలో ఇతరులపై కొండేలు చెప్పేవాడు ఆ పెద్దలకు ఇచ్చకాలు చెప్పకుండా ఉండడు కదా! అలా అర్థం పొగిడేవాడి వైపు మళ్లింది. నేటి గ్రీకులో మాత్రం ఈ మాటకు అపనిందలు వేసేవాడనే అర్థం.

ఇక తెలుగు. భట్రాజు అనవద్దు. అది ఒక కులం పేరు. పద్యాలు, వంశావళులు చదివి సభల్లో మన్నన పొందిన విద్యావంతుల పేరును తిట్టుగా వాడటం అన్యాయం. వందిమాగధులు అన్నా నాకు నచ్చదు. రాజును కీర్తించడం వాళ్ల కొలువు, అది అందరికీ తెలిసి చేసే పని. సికొఫంట్ తన స్వార్థాన్ని దాచుకుని పొగుడుతాడు. భజనపరుడు అన్నది బాగానే నలిగిన మాట, వాడవచ్చు. చెంచా మరీ మోటు. కాకా పట్టడం, ములగచెట్టు ఎక్కించడం పనిని చెబుతాయి కానీ మనిషిని చెప్పవు.

నా ఓటు ‘ఇచ్చకం’ అనే మాటకు. ఎదుటివాడి ఇచ్ఛకు తగినట్టు మాట్లాడటమన్నది అందులోనే ఉంది. జిత్తులమారి, టక్కులమారి ఉన్నట్టే ఇచ్చకాలమారి అనుకుంటే పల్లెలోనైనా పట్నంలోనైనా వివరించే పనిలేకుండా తెలుస్తుంది. మీరు చదివిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “పదవిలో ఉన్నవారి చుట్టూ చివరికి ఇచ్చకాలమారులే మిగులుతారు.”