కార్టోశాట్ పైన తిరుగుతుంటే ఏఈఓ చేను చేనుకు ఎందుకు తిరగాలి?

ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్-3 పాతిక సెంటీమీటర్ల వస్తువును కూడా పట్టేస్తుందంటున్నారు, అయినా మా పరకాల దగ్గర ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఇంకా బండి మీద వచ్చి ఏ పంట వేశారని ఎందుకు రాసుకుంటున్నారు అన్నది మీ ప్రశ్న. హన్మకొండలో చదివేటప్పుడు ప్రాజెక్టు పని మీద ఉపగ్రహ చిత్రాల ప్రింట్లు, జీపీఎస్ పట్టుకొని ఆత్మకూరు, పరకాల వైపు పొలాలన్నీ తిరిగాను, ఆ అనుభవంతో చెప్తున్నా. వానాకాలంలో అయితే తిరగక తప్పదు.

ముందు ఆ పాతిక సెంటీమీటర్ల సంగతి. 2019 నవంబర్‌లో పంపిన కార్టోశాట్-3 అంత సన్నగా చూసేది నలుపు తెలుపులోనే, రంగుల్లో కావాలంటే మీటరు పైచిలుకు. పైగా ఒక్కసారికి చూసే పట్టీ వెడల్పు 16 కిలోమీటర్లే. పంటల లెక్కకు ఎక్కువగా వాడేది 2011లో, 2016లో పంపిన రిసోర్స్‌శాట్-2, 2ఏ ఉపగ్రహాలను. వాటిలో మూడు కెమెరాలుంటాయి. లిస్-4 అనే కెమెరా చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) ఒక్కో వైపు 5.8 మీటర్లు, మన లెక్కలో 40 గజాల జాగా. లిస్-3లో 23.5 మీటర్లు, అంటే అయిదున్నర గుంటలు. మూడోది ఏవిఫ్స్‌లో 56 మీటర్లు, ఒక్క చుక్కే ముప్పై గుంటల పైన! అర ఎకరం మిర్చి పక్కన పత్తి ఉంటే రెండిటినీ కలిపి ఒకటే రంగు చేసి పెడుతుంది. కానీ అది 740 కిలోమీటర్ల వెడల్పు ఒకేసారి చూసి అయిదు రోజులకు మళ్లీ వస్తుంది, లిస్-3కి మాత్రం మళ్లీ అదే చోటికి రావడానికి 24 రోజులు పడుతుంది. అందుకే పంట ఎదుగుదల చూడటానికి నేనైతే ఏవిఫ్స్‌నే నమ్ముతా, అందరూ సెంటీమీటర్లే అడుగుతారు గానీ.

అసలు టెన్షన్ మబ్బులతో. రిసోర్స్‌శాట్ ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది, ఆ టైముకు మబ్బు పట్టి ఉంటే ఆ రోజు చిత్రం పోయినట్టే. జులై, ఆగస్టు చిత్రాలు తెరిస్తే భూపాలపల్లి నుంచి జనగామ దాకా చాలాసార్లు అంతా తెలుపే, మన దగ్గర నాట్లు పడేదీ, పత్తి ఎదిగేదీ సరిగ్గా అప్పుడే. 2023 జులైలో మోరంచపల్లి మునిగినప్పటి లాంటి వానలో ఎంత మంచి కెమెరా అయినా చేసేదేం లేదు. మబ్బులోంచి చూడాలంటే రాడార్ కావాలి, 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 ఉపగ్రహం ఆ రకమే.

మబ్బు లేకపోయినా ఇంకో చిక్కుంది. అక్టోబర్‌లో పత్తి, మిర్చి చిత్రంలో దాదాపు ఒకేలా ఉంటాయి. ఏది ఏదో ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి చూసి చెప్పాలి, కంప్యూటర్ ఆ గుర్తులను బట్టే మిగతా ఊళ్లన్నీ లెక్కగడుతుంది. నేను తిరిగింది అందుకే. ఒక పెద్దాయన ప్రింట్ చూసి, "గిది మా పొలమేనా? గింత ఎర్రగున్నదేంది, ఎండిపోయిందా?" అని కంగారుపడ్డాడు. నిజానికి పచ్చటి ఆకు మన కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, దాన్నే చిత్రంలో ఎరుపుగా చూపిస్తారు, ఎంత ఎర్రగా ఉంటే పైరు అంత ఏపుగా ఉన్నట్టు. ఆ మాట చెప్పాక చుట్టుపక్కల వాళ్ల పొలాలు ఎంత ఎర్రగా ఉన్నాయో చూపించమని వదల్లేదు.

యాసంగి మాత్రం వేరే కథ. ఆకాశం తేటగా ఉంటుంది, ఎస్సారెస్పీ కాలువ కింద, పాకాల కింద వరి మడులు, బీడు పడిన చెల్కలు విడివిడిగా తెలిసిపోతాయి. మీకు చూడాలనుంటే హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భూనిధి పోర్టల్‌లో ఖాతా తెరిచి, ఫిబ్రవరి, మార్చి తేదీల లిస్-3 చిత్రాలు ఉచితంగా దించుకొని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. కానీ పంట నమోదులో మీ సర్వే నంబర్ దగ్గర వేరే పంట పడితే ఈ చిత్రం చూపించి లాభం లేదు, ఏఈఓ దగ్గరికే పోయి సరిచేయించుకోండి, కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసేటప్పుడు ఆ నమోదే అడుగుతారు.