ల్యాబ్ లేని ట్యూషన్‌లో ప్రయోగాలు చేయిస్తే రివిజన్‌కి టైమ్ మిగులుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: ప్రొద్దుటూరులో ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నారు. ల్యాబ్ లేదు. చేయించి చెప్పాలని ఆశ ఉంది, కానీ తల్లిదండ్రులు "మార్చి దగ్గరకొస్తాంది, ఇంకా ఈ ఆటలేంది" అంటారేమోనని భయం. నేను కడపలో పన్నెండేళ్లుగా అద్దెకున్న ఇంటి మిద్దె మీద ఇదే పని చేస్తున్నా. మీ భయం సగం నిజమే. పుస్తకంలో ఉన్న వరుసలో కృత్యాలన్నీ చేయిస్తూ పోతే టైమ్ అస్సలు చాలదు. పిల్లల ఆన్సర్ పేపర్లు ముందు పెట్టుకుని ఏది చేయించాలో ఎంచుకుంటే చాలుతుంది.

నాకు ఇది మొదటి ఏడాది దెబ్బ తిన్నాకే తెలిసింది. అప్పట్లో ప్రతి ఆదివారం ఏదో ఒక తమాషా ఉండేది. వంటసోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం, సీసాలోకి ఉడికిన గుడ్డు దూరడం, అట్లాంటివి. ట్యూషన్‌కి రాని పిల్లలు కూడా మెట్లెక్కి వచ్చేవాళ్లు. అర్ధ సంవత్సరం పరీక్షల్లో మార్కులు మాత్రం ఎక్కడివక్కడే. ఒక తండ్రి వచ్చి "బాగానే ఆడిస్తాండారు మేడం, మార్కులేమో అట్లనే ఉండాయి" అన్నాడు. ఏమీ చెప్పలేకపోయా. ఆ రాత్రి ఆ పేపర్లన్నీ ముందేసుకుని, తప్పు రాసినవి కాకుండా, రాయకుండా వదిలేసిన మాటలకు ఎర్రపెన్నుతో గుర్తులు పెట్టా. అందరూ ఒకే చోట, ఒకే మాట వదిలేస్తున్నారు. అప్పటినుంచి ఆ వదిలేసే మాటల కోసమే ప్రయోగాలు చేయిస్తున్నా. ఏడాదికి పన్నెండో పద్నాలుగో, అంతకు మించవు.

ఓమ్ నియమం తీసుకోండి: వోల్టేజీ ఎన్ని రెట్లయితే కరెంటూ అన్ని రెట్లవుతుంది. నిర్వచనం అందరికీ నోటికొచ్చు. రాసేటప్పుడు మాత్రం "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అన్నది ఎగిరిపోతుంది. ఒకసారి నా దగ్గర నైక్రోమ్ తీగ (కరెంటు పొయ్యి కాయిల్‌లో ఉండేది) లేక, పాత సైకిల్ డైనమో బల్బు పెట్టి రీడింగులు తీయించా. ఒక సెల్లు పెడితే 0.16 ఆంపియర్లు, రెండు పెడితే 0.24, మూడు పెడితే 0.30. గ్రాఫు గీస్తే గీత వంగింది. ఒక పిల్లోడు గుసగుసగా "మేడం, 0.32, 0.48 అని రాసేసుకుందామా? పుస్తకంలో సరళరేఖ కదా" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు, నవ్వొచ్చింది. నేనూ డిగ్రీలో అదే పని చేశా. బల్బును వేలితో తాకి చూడమన్నా. చురుక్కుమంది. లోపల తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతోంది, మొదట 9 ఓమ్‌ల చిల్లర ఉన్నది మూడు సెల్లుల దగ్గర 15 ఓమ్‌లు అయింది. మర్నాడు కరెంటు పొయ్యి కాయిల్ ముక్క తెచ్చి అవే సెల్లులతో చేస్తే గీత వంగకుండా తిన్నగా వచ్చింది. ఆ బ్యాచ్‌లో ఒక్కరు కూడా ఉష్ణోగ్రత మాట వదల్లేదు. అప్పటినుంచి కావాలనే ముందు బల్బుతో చేయిస్తా, తర్వాతే కాయిల్.

ఇక మన జిల్లాకు వరంలాంటిది ఒకటుంది. మీ ఇంట్లో నేల చూడండి, నల్ల కడప బండే అయ్యుంటుంది. అది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ రాయి కోసమే. బండ ముక్కను పొడిచేసి నిమ్మరసం పోస్తే సన్నగా బుడగలొస్తాయి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుసమంటుంది. ఆ వాయువును, అంటే కార్బన్ డై ఆక్సైడ్‌ను, సున్నపు తేటలోకి పంపితే పాలలా తెల్లబడుతుంది. సున్నపు తేటకు ల్యాబ్ అక్కర్లేదు. తమలపాకుల అంగట్లో సున్నం కొని, నీళ్లలో కలిపి రాత్రంతా కదిలించకుండా పెట్టి, పైన తేరిన నీళ్లు వంచుకుంటే అయిపోయింది. సీసా మూత బిగించాలి, లేకపోతే గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌కే పైన తెల్ల పొర కడుతుంది.

పరీక్షలో అసలు మెలిక ఆ తర్వాత ఉంది. వాయువు ఇంకా పంపుతూ పోతే తెల్లదనం పోయి నీళ్లు మళ్లీ తేటపడతాయి, ఎందుకంటే కరిగే కాల్షియం బైకార్బొనేట్ తయారవుతుంది. దీన్ని స్ట్రాతో ఊదించి చూపిద్దామనుకుంటే మా పిల్లలకు బుగ్గలు నొప్పి పుట్టాయి గానీ నీళ్లు తేటపడలేదు. ఊపిరిలో ఆ వాయువు కొంచెమే కదా. సున్నపు తేటలో ఇంకాసిని నీళ్లు కలిపి పలచన చేసి, వంటసోడా, వెనిగర్ వాయువును సెలైన్ పైపుతో పంపితే అప్పుడు పనిచేసింది. బెలూం గుహలకు పోయొచ్చిన పిల్లలుంటే అక్కడ పైకప్పు నుంచి వేలాడే రాతి కొమ్ములను గుర్తుచేయండి. వాననీళ్లు దారిలో కార్బన్ డై ఆక్సైడ్ కలుపుకుని రాయిని కరిగించాయి, ఆ నీళ్లే చుక్కలు చుక్కలుగా కారి వాయువును వదిలేసి మళ్లీ రాయిని పేర్చాయి. తెల్లదనం కరిగిపోయే సమీకరణం, దాని తిరుగు సమీకరణం రెండూ ఆ గుహలోనే ఉన్నాయి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఒక ఆదివారం సజల ఆమ్లం అయిపోయిందని ఒక పిల్లోడు బాత్రూం కడిగే ఆసిడ్ తెచ్చి, నేను చూసేలోపు కింద ఓనరమ్మ గడప ముందరి పాలిష్ బండ మీద పోశాడు. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. కడిగాక అరచేయంత చోట మెరుపు పోయి తెల్లమచ్చ మిగిలింది. ఓనరమ్మ ఇప్పటికీ ఆ మచ్చ మీద ముగ్గు పెద్దదిగా వేస్తుంది, నన్ను చూసినప్పుడల్లా ఇంకొంచెం పెద్దదిగా. కాబట్టి ఆసిడ్ పిల్లల చేతికివ్వద్దు. పలచన చేసేటప్పుడు నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. బ్లీచింగ్ పౌడర్‌ దరిదాపుల్లో ఉంచకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. గోడ ప్లగ్గు కరెంటుతో ఏదీ చేయించద్దు, సెల్లులు చాలు.

ఆమ్లమో క్షారమో రంగు మారి చూపే లిట్మస్ కాగితం కొనకండి. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడటం మన పిల్లలు దిష్టి నీళ్లలో చిన్నప్పటినుంచి చూస్తున్నదే. "అది సూచిక" అని పేరు చెప్పడమే మన పని.

లెక్కల్లో నేను చేయించేవి రెండే. ఒకటి క్లైనోమీటర్, అంటే ఎత్తు లెక్కకట్టడానికి కోణం కొలిచేది: కోణమానిని, స్ట్రా, దారం, దారానికి ఒక నట్టు. మా వీధి చివర నీళ్ల ట్యాంకుకు ఇరవై మీటర్ల దూరంలో నిలబడి కొలిస్తే ఒకరికి 52 డిగ్రీలు, ఇంకొకరికి 38 వచ్చింది. గొడవ పడ్డారు. రెండూ కలిపితే తొంభై అని మూడో పిల్ల పట్టుకుంది. దారం చూపేది నిట్టనిలువుకు సంబంధించిన కోణం, ఊర్ధ్వ కోణం కావాలంటే తొంభైలోంచి తీసేయాలి. టాన్ 38 అంటే 0.78, ఇరవైతో గుణిస్తే 15.6, దానికి చూసే పిల్ల కంటి ఎత్తు 1.4 కలిపితే 17 మీటర్లు. ఆ 1.4 కలపడం మర్చిపోయే పిల్లలే తర్వాత "పరిశీలకుని ఎత్తు" ఉన్న లెక్కల్లో మార్కులు పోగొట్టుకునేది. రెండోది శంకువు, స్తూపం. పాత క్యాలెండర్ అట్టతో ఒకే భూమి, ఒకే ఎత్తు ఉండేట్టు చేసి, మూడు శంకువులు పోస్తే స్తూపం నిండాలి. బొరుగులతో చేస్తే లెక్క కుదర్లేదు, మధ్యలో ఖాళీలు ఎక్కువ. ఉప్మా రవ్వతో కుదిరింది. బొరుగులు తర్వాత ఉగ్గానికి పనికొచ్చాయి. వర్గ సమీకరణాలకు, శ్రేఢులకు ప్రయోగాలు వెతక్కండి, అక్కడ చెయ్యి అరిగేదాకా లెక్కలు చేయించడం తప్ప దారి లేదు.

రివిజన్ సంగతి. దీన్ని విడిగా చూడకండి. ప్రయోగం అయిన వెంటనే, ఇంటికి పోకముందే, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అదే ప్రయోగాన్ని నోటుబుక్కులో పరీక్ష జవాబులా రాయిస్తా: ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ, బొమ్మ. చేసేముందు ఏమవుతుందనుకున్నారో ఒక లైను కూడా ఉండాలి, తప్పు ఊహ అయినా కొట్టేయనివ్వను. ఇంకో చిక్కు భాష. ఇప్పుడు పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీష్ మీడియం, 2024-25 నుంచి మన పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్. పిల్లలు చూసింది తెలుగులో చక్కగా చెబుతారు, రాయమంటే పెన్ను ఆగిపోతుంది. అందుకే "లైమ్ వాటర్ టర్న్స్ మిల్కీ" లాంటి నాలుగైదు వాక్యాలు వాళ్ల నోటితోనే అనిపించి రాయిస్తా.

సంక్రాంతి సెలవుల తర్వాత కొత్త ప్రయోగం ఒక్కటీ ఉండదు. ఆ నోటుబుక్కే తీసి, ఒక ప్రయోగం పేరు చెప్పి, తెల్లకాగితం ఇచ్చి, చూడకుండా బొమ్మతో సహా రాయమంటా. వదిలేసింది ఏదో వాళ్లే నోటుబుక్కు చూసి ఎర్రపెన్నుతో దిద్దుకుంటారు. వారం తర్వాత మళ్లీ అదే. కటకం లెక్కల్లో సంజ్ఞలు (ప్లస్, మైనస్ గుర్తులు) తప్పినవాళ్లను కొవ్వొత్తి దగ్గరకు మళ్లీ పంపుతా. పది సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న భూతద్దానికి ముప్పై దూరంలో కొవ్వొత్తి పెడితే పదిహేను దగ్గర గోడ మీద తలకిందుల మంట రావాలి, లెక్కలో వేరే వస్తే సంజ్ఞ తప్పినట్టే. ఫిబ్రవరిలో పాత పేపర్లు గడియారం పెట్టి: భౌతిక, రసాయన శాస్త్రాలు 50 మార్కులకు రెండు గంటలు, లెక్కలు 100 మార్కులకు ప్రశ్నలు చదువుకునే పదిహేను నిమిషాలతో కలిపి మూడుంపావు గంటలు.

తల్లిదండ్రులకు ఏం చెప్పాలా అని ఆలోచించకండి, ఆ నోటుబుక్కు ఇంటికి పంపండి. ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు, మిగతా రోజులు మామూలు ట్యూషనే. మొదటిది సున్నపు తేటతో మొదలుపెట్టేట్టయితే శనివారం రాత్రే సున్నం కలిపి పెట్టుకోండి, పొద్దున కలిపితే తేరదు.